కొమ్మకి కట్టిన కొవ్వు ముక్క

బాగా మంచు కురిసే దేశంలో, ఒక పెరట్లో ఒక పందీ ఒక చిన్న పిట్టా స్నేహంగా ఉండేవి. ఆ ఇంటి అవ్వ పందికి రోజూ ఉడికిన బంగాళాదుంపలు పెట్టేది. పిట్టలు చలికి చావకుండా కొమ్మకి ఒక తెల్లటి ముక్క దారంతో కట్టేది.

ఒకరోజు పిట్ట అందులోంచి కొంచెం తెచ్చి పంది ముందు పెట్టింది.

"తిని చూడు మావా, వెన్నలా ఉంటది. మిగతాదంతా అవ్వ ఉప్పు, వెల్లుల్లి రాసి చెక్కపెట్టెలో దాచుకుంది. మా కోసం ఉప్పు లేకుండా కట్టింది. ఎంత మంచిదో!"

పంది వాసన చూసింది. వెనక్కి జరిగింది.

"చిట్టీ... ఇది మా అన్న."

"మీ అన్నని సంతకి తోలారన్నావు కదా!"

"అవ్వ అట్లాగే చెప్పింది."

పిట్ట ముక్కుని మంచులో తుడుచుకుంది. "అయితే ఇన్నాళ్లూ నేను తిన్నది..."

ఇంతలో అవ్వ బకెట్ తెచ్చి తొట్లో కుమ్మరించింది. పంది వీపు మీద చెయ్యేసి నొక్కి చూసింది.

"ఇంకా రెండు వేళ్ల మందం కొవ్వు రావాలి నాన్నా. బాగా తిను" అని వెళ్లిపోయింది.

"తినకు మావా! నీకు దండం పెడతా!" అని పిట్ట అరిచింది.

తొట్లోంచి ఆవిరి లేస్తోంది. పంది దాన్నే చాలాసేపు చూసింది.

"చలేస్తోందే చిట్టీ. ఆకలేస్తోంది. మరి నువ్వు ఆ ముక్క మానేస్తావా?"

కాసేపటికి పంది తొట్లో మూతి పెట్టింది. పిట్ట ఎగిరిపోయి ముక్క కట్టిన ఆ కొమ్మ మీదే వాలింది.