మెయిలు కూత వేళ

"మేజరు గారు పుట్టిన వేళ నాకు తెలుసమ్మా" అన్నాడు, గుమ్మం బయట చెప్పులు విడిచి నిలబడ్డ ముసలాయన.

సుబ్బరావమ్మ కలం ఆపింది.

బ్రాడీపేటలోని ఆ ఇంట్లో ఏడాదిగా ఒకటే పని. చరిత్ర అధ్యాపకురాలిగా రిటైరైన ఆమె, యుద్ధవీరుల జాతకాలు గుణించి పుస్తకం రాస్తోంది. రెండో ప్రపంచ యుద్ధపు సేనానులతో మొదలైన ఆ పుస్తకం, అరవై అయిదు యుద్ధంలో ఒక వంతెనను కాపాడి శౌర్య పతకం పొందిన మేజర్ త్రినాథరావుతో ముగియాలి.

ఆ ఒక్క జాతకమే కుదరడం లేదు.

వాళ్ళింట్లో రాసిపెట్టిన వేళ ప్రకారం కుజుడు రెండో ఇంట పడుతున్నాడు. అది మాటకారి జాతకమే గాని వీరుడిది కాదు. మేజరు గారినే అడిగితే మాట మార్చారు. అది వినయమని ఆమె మురిసిపోయింది. చివరికి, సరైన వేళ తెలిసినవారు చెప్పవలసిందిగా పత్రికలో ప్రకటన వేయించింది.

"ఎవరు నువ్వు?"

"మార్కునమ్మా. చీరాల దగ్గర, మేజరు గారి ఊరే. పేపరు మా మనవరాలు మహిమ చదివి చెప్పింది."

"వేళ నీకెలా తెలుసు?"

"ఆయన్ని కన్నప్పుడు పురుడు పోసింది మా నాయనమ్మే. తెల్లారగట్ట మద్రాసు మెయిలు కూతేస్తుంటే బిడ్డ బయటపడ్డాడంట."

"అరవై ఏడేళ్ళ నాటి కూత ఇంకా గుర్తుందా ఎవరికైనా?"

మార్కు నవ్వాడు.

"అదే కూతకి పాలెంలో మా అమ్మ నన్ను కన్నదమ్మా. మా నాయనమ్మ పెద్దింట్లో ఉండిపోయి సొంత కోడలి పురుటికి రాలేకపోయింది. ఆ సంగతి మా అమ్మ చచ్చేదాకా దెప్పింది. మరిచిపోదామన్నా మరవనిస్తేగా!"

సుబ్బరావమ్మ అప్పటికే పంచాంగం తిప్పుతోంది. లగ్నం ఒక రాశి వెనక్కి జరిగింది. కుజుడు పోయి మూడో ఇంట, పరాక్రమ స్థానంలో కూర్చున్నాడు.

"లక్షమందిలో ఒకరికి ఉంటుందయ్యా ఇలాంటి జాతకం!"

"మరి నాదీ అదేగా అమ్మా?"

"నువ్వేం చేసేవాడివి?"

"పటాలంలో, మేజరు గారి కంపెనీలోనే వంటవాణ్ణి."

"గరిటె తిప్పడానికి కుజబలం దేనికయ్యా?"

"అన్నం మాడకుండా చూడ్డానికమ్మా" అన్నాడు మార్కు. తరువాత తనే అడిగాడు. "భయం సంగతి ఏం రాస్తన్నారమ్మా?"

"ఈ జాతకుడు భయమెరుగడని రాస్తాను."

"అట్టా రాయబాకండమ్మా. వంతెన మీద నిలబడ్డవాడికి భయమేసింది. మోకాళ్ళు ఒకటే వణుకు. అయినా దిగలేదు. అది కూడా రాస్తే, భయమేసినా నిలబడొచ్చని చదివే పిల్లలకి తెలుస్తది."

సుబ్బరావమ్మ లేచి నిలబడింది.

"ఆయన దగ్గర కొలువు చేసి, ఆయనకే మచ్చ తెస్తావా? వెళ్ళు!"

"మచ్చ కాదమ్మా" అన్నాడు మార్కు. చెప్పులు తొడుక్కుంటూ, "టైము మాత్రం సరిగ్గా వెయ్యండి" అని వెళ్ళిపోయాడు.

అన్యాయాన్ని చూసి ఊరుకునే స్వభావం కాదామెది. ముందుమాటలో ఒక వాక్యం చేర్చింది: 'ఇంతటి వీరుడు భయపడ్డాడని ఆయన వంటవాడు మార్కు చెప్పుకు తిరగడం సిగ్గుచేటు.'

పుస్తకం అచ్చయిన రోజే రెండు ప్రతులు తీసుకుని చీరాల రైలెక్కింది.

మేజర్ త్రినాథరావు కళ్ళద్దాలు పెట్టుకుని ముందుమాట దగ్గర మొదలుపెట్టారు. ఆ వాక్యం దగ్గర ఆగిపోయారు. పుట తిప్పలేదు.

"ఇది మార్కు చూశాడా?"

"ఇంకా లేదండి. ఈ రెండో ప్రతి అతనికే. చదివితే బుద్ధి వస్తుందని తెచ్చాను."

"మొన్న ఆదివారం సమాధి చేశామమ్మా."

సుబ్బరావమ్మ తడబడింది. కాని న్యాయం న్యాయమే.

"అతని ఆత్మకు శాంతి కలగాలి. అయినా మీరు భయపడ్డారని నలుగురికీ చెప్పడం తప్పు కదండీ?"

మేజరు గారు కళ్ళద్దాలు తీశారు.

"నా భయం సంగతి ఈ ముప్ఫై ఎనిమిదేళ్ళలో మార్కు ఒక్కరికి కూడా చెప్పలేదు. మీకు చెప్పింది తనది."

"అంటే..."

"జాతకం బాగానే గుణించారు. ఆ పుటలో నా పేరొక్కటి కొట్టేస్తే మిగతాదంతా నిజమే."

ఆమె చేతిలోని రెండో ప్రతి అలాగే ఉండిపోయింది.

"తెల్లవార్లూ తుపాకి పట్టి వంతెన కాచింది మార్కు గారమ్మా, కల్నల్ జీపు వచ్చే వేళకు నేను గోతిలోంచి లేచి వంతెన మీదికొచ్చాను, మార్కు గారు మా అందరికీ టీ కాయాలని పొయ్యి రాజేయడానికి వెళ్ళిపోయాడు."