పొగ లేని కారు

దూరంగా రోడ్డు వారన ఆగివున్న కారును చూడగానే ప్రొకోపీ యాక్సిలరేటరు గట్టిగా తొక్కాడు. దాని వెనక పొగ లేదు. సైబీరియాలోని యాకూతియా చలికాలంలో, సున్నాకు యాభై డిగ్రీల కింద, పొగ రాని కారంటే ఇంజిన్ చచ్చిన కారు. లోపల మనిషుంటే వాడి సంగతి చెప్పనక్కర్లేదు.

బావమరిదిని అడిగి తెచ్చుకున్న వ్యానును పక్కన నిలిపి, ఇంజిన్ ఆపకుండానే దిగాడు. కారుకు ఎదురుగా మంచు మీద ఒక టైరు దాదాపు కాలిపోయి కమురుతోంది. దాని మీదికి చేతులు చాచి ఇరవై దాటిన కుర్రాడొకడు కూలబడి ఉన్నాడు. కనురెప్పలకు మంచు పేరుకుపోయింది.

“బాబాయ్...” అన్నాడు.

ప్రొకోపీ వాణ్ణి వ్యానులోకి ఎక్కించి, ఫ్లాస్కులోని టీ తాగించి, వాడి చేతులు తన చొక్కా లోపల పెట్టుకున్నాడు. వేళ్లు తెల్లగా పాలిపోయాయి. నల్లబడలేదు, అదే పదివేలు.

“పేరేంట్రా?”

“ఎర్చిమ్.”

“ఇంజిన్ ఎందుకాపావు?”

“కాసేపు కునుకు తీద్దామని... పెట్రోలు కలిసొస్తుందని.”

“మీ అమ్మ నిన్ను ఈ గడ్డ మీదే కన్నదా? నేనైతే కొట్లో రొట్టె కొనుక్కునేటప్పుడు కూడా ఆపను. తాళం దానికే వదిలేసి పోతాను. ఇక్కడ అందరం అంతే కదా.”

కుర్రాడు కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు.

“కారెవరిది?”

“మా మేనమామది.”

“తగలెట్టింది స్టెప్నీయేనా? కొత్తదిలా ఉందే.”

“కొత్తదే బాబాయ్. మామకు తెలిస్తే చంపేస్తాడు. వట్టి పిసినారి. ఆ ముసలి బ్యాటరీ మార్చడానికి కూడా చెయ్యి రాదు.”

ప్రొకోపీ ఫ్లాస్కు మూత గట్టిగా బిగించాడు.

“టైరుదేముంది, మనిషివి మిగిలావు” అన్నాడు.

కుర్రాడి వణుకు తగ్గలేదు. వ్యాను హీటరు పేరుకే హీటరు, లోపలి అద్దాల మీద కూడా మంచు పడుతోంది. ముందున్న ఊరికి రెండు గంటల దారి. ఇందులో కూర్చోబెట్టి తీసుకెళితే వీడు ఊరు చేరడు. కారు స్టార్టయి దాని హీటరు పని చేస్తేనే వీడి ప్రాణం నిలుస్తుంది.

“వదిలెయ్ బాబాయ్. అది కదలదు. పోదాం పద” అన్నాడు ఎర్చిమ్.

“నోర్మూసుకుని టీ తాగు. ఈ రకం బండి నాకు అలవాటే.”

ఇంకేదో అడగబోయి ఆగాడు. చలిలో చిక్కినవాణ్ణి భయపెట్టకూడదు, బెదిరితే అడవిలోకి నడిచిపోతాడు అని తండ్రి చెప్పేవాడు.

బానెట్ మీద ఉన్ని దుప్పటి కప్పి, కింద పడుకుని, వ్యానులోంచి తెచ్చిన మంట చిమ్మే బ్లో ల్యాంపు వెలిగించి ఆయిల్ చాంబరుకు మంట పట్టాడు. గడ్డకట్టిన ఆయిలు ఓ పట్టాన కరగలేదు. ఎండ కొండ వెనక్కి జారుతోంది, ల్యాంపులో కిరోసిన్ అడుగంటుతోంది. వ్యాను బ్యాటరీకి వైర్లు కలిపి సెల్ఫ్ కొట్టాడు. కిర్రుమని మూలిగి ఆగింది. మళ్లీ కొట్టాడు. ఈసారి ఆ మూలుగూ లేదు. ప్రొకోపీకి చెమట పట్టింది, పట్టిన చెమట పట్టినట్టే గడ్డకట్టింది. ‘తల్లీ, ఈ ఒక్కసారికి’ అని స్టీరింగును బతిమాలుకున్నాడు.

మళ్లీ కొడితే అందుకుంది. తెల్లటి పొగ గుప్పున లేచింది. ఎర్చిమ్ వ్యానులోనే వెక్కి వెక్కి ఏడ్చాడు.

కారు వెచ్చబడి, వాడి వేళ్లు వంగడం మొదలయ్యాక, “నువ్వు ముందు నడుపు. నేను వెనకే వస్తా” అన్నాడు ప్రొకోపీ.

“నువ్వు ఆ చల్లటి వ్యానులోనా?”

“ఈ ఎముకలు ముదిరినవిలే. పోనియ్.”

దారి పొడవునా ఆ కారు వెనక లైట్ల మీంచి అతను చూపు తిప్పలేదు.

ఊరి హోటల్లో వేడివేడి గుర్రపు మాంసం పులుసు తెప్పించి ఎదురుగా కూర్చున్నాడు. ఎర్చిమ్ ముఖంలోకి రక్తం తిరిగొచ్చింది.

“నీ రుణం ఎలా తీర్చుకోను బాబాయ్? మీ ఊరేదో చెప్పు, వచ్చి దణ్ణం పెట్టుకుంటా.”

“ముందు తిను.”

గిన్నె ఖాళీ అయ్యేదాకా ఆగి, ప్రొకోపీ చెయ్యి చాచాడు.

“తాళం ఇవ్వు నాయనా, ఆ కారు నాది.”