మొదటి సంతకం

కోనసీమలోని తమ వీధిని గ్యాస్ కంపెనీకి చవగ్గా అప్పజెప్పింది ఏడుకొండలే అని గంగరాజు నమ్మకం. అందరూ కలిసే బేరమాడాలని గంగరాజు ఫోన్లో వీధంతటి చేతా ఒట్టు పెట్టించాడు. ఏడుకొండలు ఇంట్లోవాళ్లు ముందుగా లీజుకి సంతకం పెట్టేశారట. ఆ తర్వాతే మిగతావాళ్లూ పెట్టారట, గంగరాజు ఇంటితో సహా. అందుకే సౌదీలోని హుఫూఫ్‌లో ఒకే గదిలో ఉంటున్నా రెండేళ్లుగా అతను ఏడుకొండలుతో మాట్లాడలేదు.

ఈరోజు లీజు నకలు ఏడుకొండలు ఫోన్‌కి వచ్చింది.

“చదువు,” అని రెండేళ్లలో మొదటిసారి నోరు విప్పాడు గంగరాజు. “మీ నాన్న పేరు నీ నోటితోనే వినాలి.”

“వద్దు బావా.”

“సిగ్గేత్తందా?”

ఏడుకొండలు చదివాడు. “మొదటి సంతకం, మంగతాయారు.”

గంగరాజు భార్య, ఏడుకొండలు అక్క. ఇంటి స్థలం ఆమె పేరనే ఉంది. ఆమె పోయి ఏడాదిన్నర.

“‘ఆ డబ్బొత్తే మీ బావని ఇంటికి రప్పించుకుంటాన్రా, చెప్పకు’ అంది అక్క. నువ్వు నన్ననుకున్నావు. పోనీలే అనుకున్నాను.”

గంగరాజు ఫోన్ అందుకుని ఆ పేరు తనే చదువుకున్నాడు.

“ఇప్పుడైనా మాటాడతావా బావా?”

“మాటాడతాను. కూరేం వండాలో అడుగు, చెప్తాను. ఈ సంగతి మాత్రం నేను చచ్చేదాకా ఎత్తను. నువ్వూ ఎత్తకు.”