అభిలాష్ తరఫు మనిషి

"ఈ ఏడు మనకు వానకు కరువుగానీ పరుగుకు కరువు లేదు భాయ్" అన్నాడు దివాకర్, టీకొట్టు బల్ల మీద నోటుబుక్కు తెరుస్తూ.

దివాకర్ గుంతకల్లు ఫుట్‌బాల్ జట్టుకు కోచ్. ఆటగాళ్లకు జీతాలిచ్చి ఆడించే జట్టు అది. 2003 లీగు ఆదివారమే మొదలు. మొదటి ఆటే అనంతపురంతో.

మూడేళ్లుగా కప్పు అనంతపురం వాళ్లే ఎత్తుకుపోతున్నారు. ఈసారి లాక్కురావాలని ఊరంతా ఒకటే ఊపు మీదుంది.

"కుడిపక్క బంతి తీసుకుని ఉరికేటోళ్లు ఎంతమంది ఉండారన్నా?" అడిగాడు మేనేజర్ కలీముల్లా.

"ముగ్గురు. ఒకటో పేరు సుంకన్న. వాణ్ణి పట్టుకునేటోడు ఈ జిల్లాలో ఇంకా పుట్టలేదు."

"రెండు?"

"విష్ణువర్ధన్. అరగంట బ్రహ్మాండంగా ఉరుకుతాడు. ఆమీద నీళ్లు నీళ్లు అంటాడు."

"మూడు?"

"అభిలాష్. పొట్టోడు. వాని దాకా రాదులే."

"సుంకన్నకు ఏమన్నా అయితే?"

"నోరు మంచిది చేసుకో భాయ్. వానికేమైతాది?"

పక్క బల్ల మీది పెద్దాయన టీగ్లాసు కింద పెట్టాడు. ముతక పంచె, భుజాన తువ్వాలు, కాళ్ల నిండా దుమ్ము. ప్రాక్టీసు జరిగినంతసేపూ నాలుగు రోజులుగా గ్రౌండు గోడ వెనక తల మాత్రం కనిపించే మనిషి ఈయనే.

"సార్, ఒక మాట" అంటూ లేచి వచ్చాడు. "ఆదివారం ఆ అభిలాష్‌ను దించండి. సుంకన్నను కూర్చోబెట్టండి."

దివాకర్‌కు నవ్వొచ్చింది. "ఎందుకప్పా?"

పెద్దాయన తువ్వాలు తీసి ఇంకో భుజాన వేసుకున్నాడు.

"ఎందుకని అడగొద్దు సార్. నేను చెప్పకూడదు. అభిలాష్ మంచి ఆటగాడు. చూస్తాండా కదా, ఎండలో మొదుట్లో ఎట్ల ఉరుకుతాడో ఆఖర్లోనూ అట్లే ఉరుకుతాడు."

దివాకర్‌కు సంగతి అర్థమైపోయింది. అభిలాష్ కోసం ఆ వారంలోనే ఇద్దరు నాయకులు కబురు పెట్టారు. అతని మేనమామ ఒక ఉత్తరం పట్టుకొచ్చాడు. ఈ జిల్లాలో సిఫార్సు లేకుండా జరిగే పని ఒక్క ఎండ కాయడమే.

"ఆ పిల్లోడు నీకేమైతాడు?"

"ఏమీ కాడు సార్."

"ఏమీ కానోని కోసం నాలుగు దినాలు గోడెనక నిలబడినావా?"

టీకొట్టు దగ్గరున్నవాళ్లంతా నవ్వారు. పెద్దాయన నవ్వలేదు. ఉన్నట్టుండి వంగి దివాకర్ కాళ్లు పట్టుకోబోయాడు.

"ఈ ఒక్క ఆటకు సార్. సుంకన్నను ఈ ఒక్క ఆటకు ఆపండి."

దివాకర్ చటుక్కున వెనక్కి జరిగాడు. ఈసారి అతనికి కోపం వచ్చింది.

"లేయప్పా. సుంకన్న మీద నీకేం కసి? అనంతపురమోళ్లు పంపినారా నిన్ను?"

పెద్దాయన ముఖం పాలిపోయింది. తువ్వాలుతో కళ్లు తుడుచుకుని, బస్టాండు వైపు వెళ్లిపోయాడు.

"చూసినావా భాయ్? సిఫార్సులు టీకొట్టు దాకా వచ్చినాయి" అన్నాడు దివాకర్.

ఆదివారం సాయంత్రం నాలుగైనా ఎండ తగ్గలేదు. గోడల మీదా, నీళ్ల ట్యాంకు మెట్ల మీదా జనమే జనం.

ఏడో నిమిషంలో సుంకన్నకు బంతి అందింది. ఒకణ్ణి దాటాడు. ఇద్దర్ని దాటాడు. గోల్‌కీపర్ కదిలేలోపే గోల్.

కలీముల్లా టోపీ గాల్లోకి ఎగరేశాడు. అది మళ్లీ దొరకలేదు.

ఇరవయ్యో నిమిషంలో సుంకన్న మళ్లీ ఉరికాడు. జనం లేచి నిలబడ్డారు. అడ్డం ఎవరూ రాలేదు, కాలు ఎవరూ తగిలించలేదు. ఒట్టి నేల మీద మోకాలు పట్టుకుని కూలిపోయాడు.

విష్ణువర్ధన్ దిగాడు. సరిగ్గా అరగంట ఉరికి, పిక్కలు పట్టేసి కూర్చుండిపోయాడు. అప్పటికీ దివాకర్‌కు మూడో పేరు మీద నమ్మకం కుదరలేదు. ఎడమపక్క వాణ్ణి కుడిపక్కకు తెచ్చి చూశాడు. అనంతపురం వరసగా మూడు గోల్స్ కొట్టింది.

ఆఖరి పది నిమిషాలకు అభిలాష్‌ను దించాడు.

మిగతా అందరూ ఎండకు ఒగరుస్తుంటే పొట్టివాడు ఒక్కడే అప్పుడే నిద్ర లేచినట్టు ఉరుకుతున్నాడు. ఒక గోల్ కొట్టాడు. ఇంకొకటి గోల్ కర్రకు తగిలి తిరిగొచ్చింది. జనం గొంతులు చించుకుంటున్నారు. మళ్లీ బంతి అందుకున్నాడు, మళ్లీ ఉరికాడు. అంతలో విజిల్ పడింది.

మూడు, రెండు.

"వాణ్ణి మొదలే దించింటే..." అన్నాడు కలీముల్లా. దివాకర్‌కు టీకొట్టు పెద్దాయన గుర్తొచ్చాడు. సిగ్గేసింది.

మర్నాడు బత్తాయిలు కొనుక్కుని ఆసుపత్రికి వెళ్లాడు. డాక్టరు వరండాలోనే ఎదురయ్యాడు.

"ముందే దెబ్బ తిన్న మోకాలు ఇది. కొన్నాళ్లు ఆపి ఉంటే నిలిచేది. ఇక నడుస్తాడు. ఉరకడం మాత్రం ఉండదు."

దివాకర్ బరువుగా లోపలికి నడిచాడు. మంచం పక్కన ఎవరో వంగి సుంకన్నకు నీళ్లు తాగిస్తున్నారు. ఆ మనిషి ఇటు తిరిగాడు.

టీకొట్టు పెద్దాయన.

"నమస్తే సార్" అన్నాడు, ఇదే మొదటిసారి చూస్తున్నట్టు.

దివాకర్ బత్తాయిల సంచి మంచం మీద పెట్టాడు. సుంకన్నను అడిగాడు. "మోకాలు ముందే దెబ్బతినింటే నాకెందుకు చెప్పలేదురా?"

"చెప్తే ఒకటో పేరు పోతాదని భయపడితి సార్. పోయిన నెల ఊర్లో శనక్కాయ మూటలు దించుతాంటే తిరిగింది. తెలిసింది ఒక్కరికే."

సుంకన్న పక్కనున్న పెద్దాయన వైపు చూశాడు.

"మా నాయన గంగప్ప సార్, ఎవరికీ చెప్పనని నా తల మీద చెయ్యి పెట్టించి ఒట్టేయించుకున్నా, పాపం ఆ మాట ఇంతవరకూ తప్పలేదు."