బల్ల ఎక్కేదెవరు

"గుడ్డమూటల బేళ్లు ఎక్కుతాయయ్యా, వాటికేం ప్రాణమా? మనిషిని ఎక్కించి చూపించు, కొంటాను. లేదంటే నీ సామాను విప్పుకుపో" అన్నాడు వూర్హిస్ దొర, ముక్కుకు కర్పూరం రుమాలు అడ్డం పెట్టుకొని.

న్యూయార్క్ రేవు పక్కన ఆయనగారి చింకిగుడ్డల గోదాము అది. ఆసుపత్రి పుండుకట్లు మొదలుకొని చచ్చినవాళ్ల చొక్కాల దాకా, ఊరు పారేసిన గుడ్డంతా అక్కడికే వచ్చి పడుతుంది. ఐర్లండు ఆడవాళ్లు కూర్చుని దాన్ని ఏరితే కాగితం మిల్లుకు పోతుంది. ఆ కంపు గురించి చెబితే మీరు ముక్కు మూసుకుంటారు. ఇంటికి పోయి బంగాళాదుంప ఉడకేసుకున్నా దానికీ అదే కంపు.

సరుకు పై అంతస్తుకు పోవడానికి, బావిలాంటి నిలువు సందులో మోకుకు వేలాడే పెద్ద బల్ల ఒకటి ఉంది. ఆవిరి యంత్రం తోలుపట్టాతో పళ్లచక్రాలను తిప్పితే అది పైకి లేస్తుంది. పట్టా జారిందా, చక్రాలు వెనక్కి గిరగిరా తిరిగి బల్ల దబ్బున కిందికి వస్తుంది. ఊనా అనే ఆమె నడుము అలాగే విరిగింది. అది మొదలు ఆడవాళ్లెవరూ బల్ల ఎక్కడం లేదు. మూటలు వీపున వేసుకొని, రొప్పుకుంటూ మెట్లెక్కుతున్నారు. పని సాగడం లేదని దొరకు ఏడుపు.

ఫెలిక్స్ రోర్క్ అనే ఇంజనీరు వచ్చి, ఆ పాత చక్రాల బదులు ఒక పళ్లచక్రం, దాన్ని తిప్పడానికి మరమేకులా చుట్లు తిరిగిన లావుపాటి ఇరుసు బిగించాడు. ఇరుసు తిరిగితే చక్రం కదులుతుందట గానీ, చక్రం ఎంత తన్నుకున్నా ఇరుసు కదలదట. అందుకని పట్టా ఊడినా బల్ల ఉన్నచోటే నిలుస్తుందట. మనిషిని ఎక్కించమని దొర అనేసరికి ఆడవాళ్లందరూ నేలచూపులు చూశారు.

"పట్టా ఊడదీయడానికి నేను కింద ఉండాలి. మా అమ్మ ఎక్కుతుంది" అన్నాడు రోర్క్, మా అమ్మ టీ తాగుతుంది అన్నంత తేలిగ్గా.

మూలన బేలు మీద నల్లశాలువా కప్పుకొని, జపమాల తిప్పుకుంటున్న ముసలమ్మ లేచింది. గుప్పెడు మనిషి. నీకోసం ఎక్కనా నాయనా అంటూ, వణుక్కుంటూ వచ్చి బల్లను తడిమి చూసింది. బల్లను పైకి లేపాలంటే పక్కనున్న చేతాడును కిందికి లాగాలని కొడుకు చెబితే, పైకి పోవడానికి కిందికి లాగడమేమిటని అమాయకంగా అడిగింది. ఆ యాస అచ్చం, గుడ్డలు ఏరేవాళ్లలో ఒకతైన సబీనా గిల్‌హూలీ పుట్టిన ఊరి యాస.

సబీనాకు చేతిలోని చీముగుడ్డ కన్నా వాడే రోతగా కనిపించాడు. ఏం పుట్టుక పుట్టాడు వీడు, అనుకుంది.

"ఏమయ్యా, పెళ్లాన్ని తెస్తే బావమరుదులు తంతారని తల్లిని తెచ్చుకున్నావా?"

ఆడవాళ్లు కిసుక్కున నవ్వారు. రోర్క్ చెవులు ఎర్రబడ్డాయి. తన యంత్రం మీద తనకు అంత నమ్మకమన్నాడు.

"నమ్మకం నీది, నడుము ఆమెది" అంది సబీనా.

దొరకు విసుగెత్తింది. ఎవరో ఒకరు త్వరగా ఎక్కండి, ఈ కంపులో నిలబడలేనన్నాడు. ముసలమ్మ శిలువ గుర్తు వేసుకొని ఒక కాలు ఎత్తింది. ఆ కాలు గాలిలో వణకడం సబీనా చూడలేకపోయింది. చేతిలోని గుడ్డ పారేసి లేచింది. కూర్చున్నచోటు నుంచే ఊనా ఆమె పావడా చెంగు గట్టిగా పట్టుకొని, నీ పిల్లలిద్దరికీ నువ్వు తప్ప దిక్కెవరే, నా బతుకు చూసైనా బుద్ధి తెచ్చుకోవే అంది. సబీనా చెంగు విడిపించుకుంది.

"తప్పుకో పెద్దమ్మా. నీకు మా అమ్మ వయసుంది."

ముసలమ్మ ఆమె బుగ్గలు రెండూ నిమిరి, చల్లగా ఉండు తల్లీ అని దీవించింది.

సబీనా బల్ల ఎక్కి చేతాడు కిందికి లాగింది. బల్ల మూలిగి పైకి కదిలింది. కింద ముఖాలు నాణేలంత అయ్యాయి. పై అంతస్తు ఇంకాస్త దూరం ఉందనగా రోర్క్ కర్రతో పట్టాను నెట్టేశాడు. ఫట్‌మని చప్పుడు. బల్ల ఒక్క ఊపు ఊగింది. సబీనా కళ్లు మూసుకొని, పిల్లల పేర్లు తలుచుకుంటూ, పడడానికి సిద్ధమైంది.

పడలేదు. బల్ల గోడకు కొట్టిన మేకులా నిలిచిపోయింది.

కింద చప్పట్లు. దొర రుమాలు తీసేసి మరీ రోర్క్ వీపు తట్టి, కాగితాలు తెస్తానని గదిలోకి పోయాడు. ఇక వీపు మీద మూటలు లేవని ఆడవాళ్లు సంబరంగా ఊనాను చెరో పక్క పట్టుకొని వాకిట్లోకి నడిచారు. బల్ల బావి అడుగున తల్లీ కొడుకులిద్దరే మిగిలారు. మోకుకు వేలాడుతున్న సబీనా సంగతి ఎవరికీ గుర్తులేదు.

ఆమెకు కోపం రాలేదు. మనిషి రోతే గానీ వాడు చేసిన యంత్రం మంచిది, ఆ ముసలి ప్రాణానికీ ముప్పు తప్పింది అనుకుంది. భయం లేదు పెద్దమ్మా అని పిలవబోయి కిందికి వంగింది. ఆ బావిలో గుసగుస కూడా పైకి గంటలా వినిపిస్తుంది.

ముసలమ్మ నడుము నిటారుగా చేసి, శాలువా దులుపుకుంటోంది. గొంతులో వణుకూ లేదు, ఆ ఊరి యాసా లేదు.

"చూశారా రోర్క్ గారూ, ప్రతి గోదాములోనూ ఒక పిచ్చితల్లి దొరుకుతూనే ఉంది. నేను మాత్రం ఇంతవరకు మీ బల్ల మీద కాలు పెట్టలేదు."