ఫొటోలో తాళంచెవి

బావమరిది ఇంట్లో దొంగతనం చేయాలని తాళాల మేస్త్రీ నిశ్చయించుకున్నది మంగళవారం పొద్దున, పళ్లు తోముకుంటూ. ముప్పై ఎనిమిదేళ్లుగా ఊళ్లోవాళ్ల తలుపులు తెరిచిపెట్టినవాడు. ఒక్కసారి తనకోసం తెరుచుకుంటే తప్పేమిటనుకున్నాడు.

ఎత్తుకురావలసింది ఒక్కటే. భార్య చేతి వాచీ. చిన్నది, గుండ్రటిది, నల్ల పట్టీ. ఏడాదిన్నర కింద ఆవిడ ఆసుపత్రిలో పోయినప్పుడు అది చేతికి లేదు. మంచం పక్కన ఉన్నది ఆవిడ తమ్ముడొక్కడే. ఇంకెవరు తీస్తారు? మేస్త్రీ ఆ సమయంలో ఎవరిదో బీరువా తెరుస్తున్నాడు. ఆ సంగతి ఆయన ఎక్కువగా తలుచుకోడు.

అప్పట్నుంచీ బావమరిది ఫోను చేస్తే ఎత్తలేదు. గుమ్మందాకా వస్తే తలుపు తీయలేదు. ఆ తలుపుకున్నంత గట్టి గడియ ఊళ్లో ఇంకెక్కడా లేదు. తన చేత్తో తనే బిగించుకున్నాడు.

దొంగతనం నేర్పింది మాత్రం కూతురు, తనకి తెలియకుండానే. ఆదివారం వచ్చి తండ్రి ఫోనులో ఏవేవో కొత్త యాప్‌లు దింపింది.

"ఫొటో చూపిస్తే అదేమిటో వెతికి చెబుతుంది నాన్నా. మసక ఫొటోని పదును చేస్తుంది. వార్తలు చదివి వినిపిస్తుంది. అంతా ఉచితమే."

"ఊరికే ఎవడు చేస్తాడే ఇంత చాకిరీ?"

"నేను చేయట్లేదా?"

మేస్త్రీ మాట మార్చాడు. "ఇదేంటి, ఈ బొమ్మలు?"

"మన కుటుంబం ఆల్బం. అందరూ ఫొటోలు పెడతారు. నిన్నూ చేర్చమని మావయ్య ఒకటే పోరు."

"వాడి మొహం నేను చూడను."

"చూడకు. నొక్కకపోతే సరి."

కూతురు వెళ్లగానే నొక్కాడు.

మంగళవారం నిశ్చయించుకున్నాక, ముందు పరీక్షకని తన మొహమే ఫొటో తీసి వెతికించాడు. తుప్పుపట్టిన తాళాలు నలభై చూపించింది. వెనక గోడకి తాళాలు వేలాడుతున్నాయి కాబట్టి అలా చూపించిందని సర్దిచెప్పుకున్నాడు. వార్తల దాంట్లో నాలుగు దొంగతనాల కబుర్లు విన్నాడో లేదో, ఇక దొంగతనాలు తప్ప ఇంకేమీ వినిపించలేదు. తనని అది అప్పుడే కనిపెట్టేసిందేమోనని అనుమానం కూడా వచ్చింది.

ఆల్బంలో బావమరిది పెట్టిన ఫొటో ఒకటే ఉంది. 'కొత్త ఇంటి తాళంచెవి' అని కింద రాశాడు. తెల్ల కాగితం మీద చెవిని పక్కవాటుగా పడుకోబెట్టి, దాని పక్కన స్కేలు పెట్టి తీశాడు. వాడు బళ్లో డ్రాయింగు మాస్టారు. నిద్రలో కూడా స్కేలు వదలని రకం.

"పిచ్చి మారాజు," అని మేస్త్రీ పకపకా నవ్వాడు. ఇల్లంతా వినపడేలా నవ్వాడు. వినడానికి ఎవరూ లేరు.

ఫొటోని పదును చేయించాడు. పళ్లన్నీ అరచేతిలో గీతల్లా తేలాయి. ఏ పన్ను ఎంత లోతో స్కేలు చూసి కాగితం మీద రాసుకున్నాడు. పళ్లు కోయని చెవిని వైసులో బిగించి, ఆకురాయితో గంటన్నర రాశాడు. పనితనం చూసి తన భుజం తనే తట్టుకున్నాడు. తట్టేవాళ్లు ఎలాగూ లేరు.

ఫొటో కింది చుక్క నొక్కితే అది ఏ వీధిలో, ఏ ఇంట్లో తీసిందో కూడా చూపించింది. బావమరిది బడి పేరు చెప్పి వార్తలడిగితే ఫోనులో ఆడగొంతు తియ్యగా చదివింది: "రేపు సాయంత్రం నాలుగు గంటలకు డ్రాయింగు మాస్టారికి పదవీ విరమణ సన్మానం."

బుధవారం నాలుగు దాటి పావుగంటకి మేస్త్రీ ఆ మెట్లెక్కాడు. చేతిలో పనిముట్ల సంచి. మెట్టుమెట్టుకీ వెనక్కి తిరిగి చూసుకున్నాడు. ఎదురింటావిడ తలుపు సందులోంచి తొంగిచూసింది.

"ఎవరండీ?"

"తాళం చూడ్డానికొచ్చానమ్మా."

"ఆఁ, వస్తారని మాస్టారు చెప్పారులెండి," అని తలుపేసుకుంది.

మేస్త్రీకి ముందు తన అదృష్టం మీద ముచ్చటేసింది. మరుక్షణం ఒళ్లు మండింది. బావ బతికుండగా ఇంకో తాళాలవాణ్ని పిలుస్తాడా వీడు! ఆ రోషంలో భయం కూడా మర్చిపోయాడు.

చెవి వెన్నలో దిగినట్టు దిగింది. ఒక్క తిప్పుకే తెరుచుకుంది.

వెతికే పని పడలేదు. గది మధ్యన బల్ల. బల్ల మీద ఫ్లాస్కు, బోర్లించిన కప్పు, దాని పక్కన నల్ల పట్టీ వాచీ. నడుస్తోంది. నాలుగూ ఇరవై చూపిస్తోంది.

"దొరికావురా!" అన్నాడు మేస్త్రీ పైకే. వాచీ తీసి జేబులో వేసుకోబోతే దాని కింద మడిచిన కాగితం కనపడింది. గీత గీసినట్టు నిటారుగా ఉన్న అక్షరాలు. నిలబడే చదివాడు. సగంలో కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

'బావా, ఫ్లాస్కులో టీ ఉంది. చక్కెర వేయలేదు, మీరు తాగరుగా. ఈ వాచీ ఆ రోజు నర్సు తీసి నా చేతిలో పెట్టింది. మీకిద్దామని మూడుసార్లు వచ్చాను. మూడుసార్లూ తలుపు వెనక మీ దగ్గు వినిపించింది. రమ్మంటే మీరు రారు. అందుకే ఆ తాళంచెవి పక్కన స్కేలు పెట్టి ఫొటో తీశాను.'