పడవవాడు రెండో భాగం

“పార్సిల్‌ల ఏమున్నయ్ అన్నా? దొంగ పాస్‌పోర్టులా, గంజాయా?” ఎవాంజెలిన్ ఫోన్‌లో చాలా మర్యాదగా అడిగింది.

అవతలి మనిషి తడబడ్డాడు. “అలాంటివేం కాదు మేడమ్. ఫారిన్ నుంచి మీ పేరు మీద వచ్చిందండి. కస్టమ్స్‌లో ఆగింది. మీ ఆధార్ కాపీ పంపిస్తే...”

“పంపుత. పంపినంక పోలీస్ డ్రెస్సేసుకొని వీడియో కాల్‌ల ఎవరొస్తరు? నువ్వా, మీ దోస్తా?”

“మేడమ్, మీకు ఫోన్ చేయడం ఇది మూడోసారి. సోమవారం దాటితే వెనక్కి పంపేస్తామండి.”

“పంపెయ్. నా దిక్కుకెళ్లి నమస్తే అని గూడ చెప్పు.”

ఫోన్ పెట్టేసి ఆ నంబర్‌ను బ్లాక్ చేసింది. చిక్కుడుకాయలు వలుస్తున్న తల్లి ప్రేమమ్మ తలెత్తింది.

“మంచిగ మాట్లాడుతుండు గదనే, పాపం.”

“మంచిగ మాట్లాడకుంటే మోసమెట్ల నడుస్తదమ్మా?”

శంషాబాద్‌లోని ఆ ఇంట్లో ఫోన్ల పెత్తనమంతా ఎవాంజెలిన్‌దే. మూడేళ్ల కింద ఆమె అన్న కరుణ్‌కు ఎయిర్‌పోర్ట్‌లో ఉద్యోగమంటూ ఎవడో దొంగ ఆర్డర్ కాగితం చేతిలో పెట్టాడు. కరుణ్ కొత్త బూట్లు వేసుకుని గేటు దాకా వెళ్లాడు. అక్కడి సెక్యూరిటీవాళ్లు నవ్వారు. తిరిగొచ్చి రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఇప్పుడతను అదే ఎయిర్‌పోర్ట్‌కు క్యాబ్ నడుపుతున్నాడు.

అప్పటి నుంచి చెల్లెలే ఇంటికి కాపలా. ప్లస్ గుర్తుతో వచ్చే విదేశీ నంబర్లు ఎత్తదు. ‘ఇంటి నుంచే పని చేయండి’ అనే మెయిళ్లు తెరవకుండానే తీసేస్తుంది. కంప్యూటర్ సైన్స్ చదివినందుకు ఆ మాత్రం తెలివి ఉండాలని ఆమె నమ్మకం.

ఆ శనివారం మాత్రం ఆమె గుండె వేరే విషయంలో కొట్టుకుంటోంది. మధ్యాహ్నం పన్నెండున్నరకు జపాన్ నుంచి ఒక ప్రకటన రావాలి.

అన్నానికి ఇంటికొచ్చిన కరుణ్ లాప్‌టాప్‌లోకి తొంగి చూశాడు. “గదే పడవ ఆటనా?”

“పడవవాడు రెండో భాగం. మూడుసార్లు వాయిదా ఏసి, పోయిన ఈస్టర్‌కు జపాన్‌ల ఇడిశిన్రు. బయటి దేశాలకు ఇస్తరో, ఇయ్యరో ఇయ్యాల చెప్తరట. లేదంటే ఇగ ఎన్నటికీ రాదు.”

“నీకు జపనీస్ వచ్చు గదా. తెప్పించుకొని ఆడుకో.”

“తెప్పించుకున్న. రెండుసార్లు ఆడిన. నా బాధ నాకోసం కాదన్నా.” ఫోన్ అతని ముందు పెట్టింది. “చూడు, ఈమె బ్రెజిల్ నర్సు. ఈయన కెన్యాల బడిపంతులు. ‘ఏమన్న తెలిసిందా అక్కా’ అని రోజూ అడుగుతున్నరు. ఏం చెప్పాలె?”

వాళ్లు ఆమెను అడగడానికి కారణముంది. మొదటి భాగం కూడా జపాన్ దాటి రాలేదు. టీవీకి కన్సోల్ తగిలించి ఆడే ఆ ఆటలో తుపాకులు లేవు, రేసులు లేవు. ఒక పడవవాడు మనుషులను ఏరు దాటిస్తూ వాళ్ల మాటలు వింటాడు, అంతే. ఆ మాటల కోసమే ఎవాంజెలిన్ రావిర్యాలలోని ఆఫీసుకు వెళ్లే బస్సులో కూర్చుని మూడేళ్లు జపనీస్ నేర్చుకుంది. మరో రెండేళ్లు కష్టపడి ఆటనంతా ఇంగ్లిష్‌లోకి తెచ్చి, ఉచితంగా నెట్‌లో పెట్టింది. మెషీన్ అనువాదంలో ఆ పడవవాడు బ్యాంకు నోటీసులా మాట్లాడేవాడు. ఆమె చేతిలో మనిషయ్యాడు.

“ఈసారి గూడ నువ్వే చేసి పెట్టరాదు?” అన్నాడు కరుణ్.

“ఫైళ్లకు గట్టి తాళమేసిన్రు. కంపెనీ ఇస్తే తప్ప లోపలికి పోరాదు.”

కరుణ్ ముద్ద కలుపుతూ ఆగాడు. “మొదటి ఆటల ముసలమ్మ ఉంటది సూడు. రోజూ పడవెక్కి అవతలి ఒడ్డు దాకా పోతది, దిగకుండనే తిరిగొస్తది. ఏడో దినం కిరాయి ఎంతనడుగుతది. వాడేమంటడు?”

“దిగినోళ్ల కాడనే తీసుకుంటనంటడు.”

“గా మాట నువ్వు చెప్పిన రోజు నేను బండి పక్కకు ఆపుకొని కూసున్న. రాసినాయనకు దండం పెట్టాలె.”

“ఆ ఒక్క మాట ఇంగ్లిష్‌ల కుదరనీకి నాకు పదకొండు రోజులు పట్టింది. పోయినేడు ఆయనకు ఆరు పేజీల ఉత్తరం రాసిన, జపనీస్‌ల, చేత్తోటి. కింద అడ్రస్, ఫోన్ నంబర్ గూడ పెట్టిన. జవాబు రాలే.”

“పెద్దోళ్లు గద. తీరికుండదు.”

పన్నెండున్నరైంది. పేజీ తెరుచుకుంది. పైన ఆట రాసిన పెద్దాయన తల వంచి నిలబడ్డ ఫొటో. ప్రేమమ్మ కూడా చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. ఎవాంజెలిన్ ఒక్కో వాక్యమూ తెలుగు చేసి చెప్పసాగింది.

“అందరూ మాఫ్ చేయాలంటున్నడు... బయటి దేశాలకు ఇయ్యాలనే ఉందట... డిస్కులు కొట్టనీకి ఫ్యాక్టరీ గూడ మాట్లాడుకున్నరట...”

“తారీఖు?” అన్నాడు కరుణ్.

“చెప్పలేమంటున్నడు. ఇంకొక్క నెల చూసి, కాకుంటే ఆ ఆలోచనే మానుకుంటరట.”

“అన్నీ తయారుంటే ఇంక ఎవని కోసం ఆగిన్రు? కారణమేమన్న రాసిన్రా?”

“కింద ఉంది.” ఆమె ఆ వాక్యం మనసులో చదువుకుంది. మళ్లీ చదివింది.

“ఏందే? పైన ఇమానం సప్పుడు పోయేదాంక ఆగుతున్నవా? చదువు.”

ఎవాంజెలిన్ చదివింది.

“‘మొదటి భాగాన్ని అనువదించిన హైదరాబాద్ మేడమ్ మాకు ఇంకా జవాబివ్వలేదు.’”